వాసన లేనిది

ఈ రోజు పోపు పెట్టలేదు.
ఇంగువ డబ్బా మూత తియ్యలేదు.
నిన్న మధ్యాహ్నం నుంచే ఉల్లిపాయ మానేశాను,
కాఫీ లేదు, తలకి నూనె లేదు,
సబ్బు కూడా చప్పటిదే.
ఏడాదికి పది పన్నెండు సార్లు
నా ముక్కు చేత ఉపవాసం చేయిస్తాను.

గ్రిమ్స్‌బీలో అది తేలిక కాదు.
రేవు వైపు నుంచి గాలి మళ్ళిందంటే
పొగబెట్టిన హాడక్ చేప
టిక్కెట్టు లేకుండా బస్సెక్కుతుంది.

నెలలు నిండని పిల్లల కోసం కొత్త వార్డు.
ఇంకా ఎవరూ పుట్టలేదు దీనికి.
పన్నెండు పడకల చోట్లు, ప్రతి చోటా గోడలో నోళ్ళు:
ఆక్సిజన్ ఒకటి, గాలి ఒకటి,
కఫం లాగేసే పసుపుపచ్చది ఒకటి.
ఒకదాని గొట్టం ఇంకోదానిలో దూరదు,
దేని తాళం దానిదే.
అయినా నమ్మం.
ఒక్క వాయువునే వదిలి, మిగతావన్నీ కట్టేసి
ప్రతి నోటినీ అడుగుతాం, నువ్వెవరివి అని.
గోడ వెనక ఎవరు ఎవరితో కలిశారో
రంగు వేసినవాడికేం తెలుసు?

తర్వాత తెల్లకాగితం అడ్డం పెట్టి హోరున వదలడం.
ఆ తర్వాత నేను.
ఎన్ని మీటర్లున్నా చివరి సంతకానికి ముందు
ఒక మనిషి వాసన చూడాలి.
ఏమీ రాకపోతే పాస్.
ఏమీ లేదని తేల్చినందుకు జీతం ఇస్తారంటే
మా ఇంటి ఓనరమ్మ నమ్మలేదు,
జీతం కాగితం చూపించాల్సి వచ్చింది.

ఏడో పడక దగ్గర ఆగాను.
కాగితం మీద మూడు చుక్కలు,
ఆవగింజని పదిమంది పంచుకున్నంత.
ముక్కుకి అంతకన్నా తక్కువ:
అడుగంటిన గిన్నె తోమి, ఎండబెట్టి, బోర్లించాక
ఇంకా ఉండిపోయేంత.

ఈ పైపులు అతికింది రాండల్ క్లేవర్త్.
అరవై ఒకటి. మోకాళ్ళకి తోలు ముక్కలు,
కనుబొమలు ఎప్పుడో సగం కాలిపోయాయి.
నేను దొప్పచేసి పట్టిన చేతి దగ్గర వంగాడు.
"ఏం లేదే" అన్నాడు.
మళ్ళీ పీల్చాడు.
అప్పుడు లేచి, తలుపు వైపు చూస్తూ,
"నాకెలాగూ రాదులే. కోవిడ్ వచ్చి వెళ్ళాక
సూపుకీ సున్నానికీ తేడా తెలీదు."

పైకప్పు పలకలు దించాం.
మూడో అతుకు తనే కోశాడు, చేతి రంపంతో.
బయట చూస్తే కంసాలి పని,
వేలికి ఉంగరం కూర్చున్నట్టు నున్నగా.
లోపల మసి.

రాగిని కాల్చేంతసేపూ గొట్టం లోపల
నైట్రోజన్ నెమ్మదిగా పారుతూ ఉండాలి.
లేకపోతే ఎర్రబడ్డ రాగి తన ఊపిరి తనే పీల్చుకుని
పొట్టు కడుతుంది.
ఆ పొట్టు ఎప్పుడో ఒక రాత్రి రాలుతుంది,
ఒక కిలో కూడా లేని ఛాతీ వైపు.
శుక్రవారం, నాలుగున్నర, సిలిండర్ ఖాళీ.
అతనికి గుర్తొచ్చింది. నాకు కనబడింది, గుర్తు రావడం.
ఒక్క అతుకేగా అని అనలేదు.
ఫెయిల్ అని రాస్తుంటే నా అక్షరమే వంకరపోయింది.
అతని సంతకం మాత్రం తిన్నగానే ఉంది.

ఆరు రోజుల తర్వాత మళ్ళీ ఉపవాసం.
పెరట్లో ట్యాంకర్ ఆక్సిజన్ పోసి వెళ్ళింది,
జూన్ ఎండలో గొట్టాల రెక్కలకి వెంట్రుకంత వెంట్రుకంత మంచు.
ఏడో నోరు.
ఏమీ లేదు.
పక్కకి వెళ్ళి, నా మోచేతిని నేనే వాసన చూసుకుని వచ్చి
మళ్ళీ.
ఏమీ లేదు.
రాండల్ గేజీ వైపు కాదు, నా ముఖం వైపు చూస్తున్నాడు.
తలూపాను.

పరికరాలు సర్దుకుంటూ అడిగాడు:
"నీకు ఏమీ రాకపోవడం, నాకు ఏమీ రాకపోవడం,
రెండూ ఒకేలా ఉంటాయంటావా?"

ఫారంలో దానికి గడి లేదు.
తెలీదన్నాను.

తిరుగు బస్సులో హాడక్.
కిటికీ మూయబోయి మానేశాను.
ఎంత ఆకలేసిందో.